ఆర్డర్ల పుస్తకం నుంచి మొదలుపెట్టండి: చిన్న కంపెనీలో హెచ్‌ఆర్ ప్లాన్ వేయడం ఎలా

మీది నూట యాభై, రెండొందల మంది పనిచేసే కంపెనీ అనుకుందాం. చర్లపల్లిలోనో బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఉంది. హెచ్‌ఆర్ అంటే మీరు, మీకో అసిస్టెంటు, అంతే. నెల మొదట్లో హాజరు, జీతాలు, 15వ తేదీలోపు పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు, మధ్యలో ఎవరికో ఐడీ కార్డు పోయింది, ఇంకెవరికో బ్యాంకు లోన్ కోసం శాలరీ సర్టిఫికెట్ అర్జంటు, క్యాంటీన్‌లో సాంబారు నీళ్లలా ఉందని గొడవ. ఇలా నడుస్తుండగా ఎండీ గారు ఏదో సెమినార్‌కి వెళ్లొచ్చి "మన హెచ్‌ఆర్ కూడా కాస్త స్ట్రాటజిక్‌గా ఉండాలండీ" అంటారు. ఏం చేయమంటారో మాత్రం చెప్పరు.

చేయాల్సింది నిజానికి ఒక్కటే. వచ్చే ఏడాది కస్టమర్లకి కంపెనీ ఏం ఇస్తానని ఒప్పుకుందో చూసి, దానికి కావాల్సిన మనుషులు టైముకి ఉంటారా, ఉన్నా వాళ్లకి ఆ పని వస్తుందా అన్నది మిగతా అందరికన్నా ముందు మీరు చెప్పగలగాలి. పుట్టినరోజు కేకులు, ఫన్ ఫ్రైడేలు, గోడల మీద విలువల పోస్టర్లు దీని తర్వాతి సంగతి. పోస్టర్ల మీద నాకు కోపమేం లేదు గానీ, పోస్టరు చూసి ఉద్యోగంలో ఆగిపోయినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

లెక్కలు అర్థం కావడానికి ఒక కంపెనీని ఊహించుకుందాం. హైదరాబాద్ శివార్లలో సీఎన్‌సీ మెషీన్ల (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచి లోహాన్ని కోసేవి) మీద విమానాల విడిభాగాలు చేసి, ఆదిభట్ల వైపున్న పెద్ద కంపెనీలకి ఇస్తుంది. మొత్తం 180 మంది, అందులో సీఎన్‌సీ ఆపరేటర్లు 60 మంది. ఇకపై నేను చెప్పే రూపాయల లెక్కలన్నీ ఈ ఊహా కంపెనీవే, వాటి స్థానంలో మీ అంకెలు వేసుకోండి. మీది మందుల కంపెనీ అయినా, రొయ్యల ప్రాసెసింగ్ అయినా, పాతికమంది ఉన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసైనా పద్ధతి ఇదే.

ముందు మీ గది దాటి బయటికి రండి

చాలామంది హెచ్‌ఆర్ ప్లాన్ అనగానే పోయినేడాది ఎక్సెల్ షీటు తెరిచి, ప్రతి అంకెకీ పది శాతం కలుపుతారు. అది వదిలేయండి. మార్కెటింగ్ చూసేవాళ్ల దగ్గరికి, ప్రొడక్షన్ ప్లానింగ్ వాళ్ల దగ్గరికి, అకౌంట్స్ వాళ్ల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరితో ఓ గంట కూర్చోండి. మెయిల్ పెడితే పని జరగదు, కూర్చోవాలి. వచ్చే పన్నెండు నెలల్లో ఏ ఆర్డర్లు ఖాయం, ఏవి ఇంకా మాటల్లో ఉన్నాయి? కొత్త మెషీన్లు ఎప్పుడు దిగుతున్నాయి? ఏ కస్టమర్ ఆడిట్‌కి వస్తున్నాడు? ఏ పని తగ్గబోతోంది? ఈ చివరిది అడగడం అందరూ మర్చిపోతారు. ఒక లైను మూసేస్తే అక్కడి పన్నెండు మందికి వేరే పని ముందే నేర్పించొచ్చు, లేదంటే ఓ పక్క పన్నెండు మందిని తీసేస్తూ ఇంకో పక్క పన్నెండు మంది కోసం ప్రకటన ఇస్తాం. ఇలాంటివి రోజూ జరుగుతూనే ఉంటాయి.

ఇప్పుడు ఆర్డర్లని మనుషుల్లోకి మార్చండి. మన కంపెనీకి రెండు ఫైవ్ యాక్సిస్ మెషీన్లు, అంటే ఐదు దిశల్లో కదిలి కోసే సీఎన్‌సీలు, వస్తున్నాయనుకుందాం. మూడు షిఫ్టులు నడపాలి. రెండు మెషీన్లు, మూడు షిఫ్టులు కాబట్టి ఆరుగురు చాలని ప్రొడక్షన్ మేనేజర్ అంటాడు. చాలరు. వారానికో సెలవు లెక్కేస్తే ఆరు కాస్తా ఏడవుతుంది, సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు, పండక్కి ఊరెళ్లి రెండ్రోజులు ఆలస్యంగా వచ్చేవాళ్లు, ఇవన్నీ కలిపితే ఎనిమిది. వాళ్లకి మెషీన్‌ని పనికి సిద్ధం చేసే సెట్టర్లు ఇద్దరు, ప్రోగ్రామర్ ఒకరు, తయారైన భాగాన్ని సీఎంఎం అనే కొలత మెషీన్ మీద కొలిచి చూసే ఇన్‌స్పెక్టర్ ఇంకొకరు. అంటే పన్నెండు మంది. ఆరుకీ పన్నెండుకీ ఉన్న ఈ తేడాని మెషీన్ కొనకముందే చెప్పగలిగితే మీరు వ్యూహంలో ఉన్నట్టు. కొన్నాక చెబితే మీ మీద అరుస్తారు.

మెషీన్‌కి ఆర్డరిచ్చి డబ్బు కడితే అది చెప్పిన నెలలోనో, కాస్త అటూ ఇటూగానో దిగుతుంది. ఫైవ్ యాక్సిస్ ప్రోగ్రామింగ్ బాగా వచ్చిన మనిషి అలా దిగడు. అతను ఇప్పుడు ఇంకో కంపెనీలో ఉన్నాడు, నోటీస్ పీరియడ్ ఉంది, వస్తానన్నాక పాతవాళ్లు కౌంటర్ ఆఫర్ ఇస్తారు, జాయినింగ్ తేదీ రోజు పొద్దున ఫోన్ స్విచాఫ్ వస్తుంది. అందుకని మెషీన్ల కొనుగోలు ఫైలు ఎండీ సంతకానికి వెళ్లేటప్పుడు దానికి మనుషుల కాగితం కూడా జత కావాలని పట్టుబట్టండి. ఎవరు కావాలి, ఎప్పటికి కావాలి, ఎంతవుతుంది, ఒక్క పేజీ చాలు. ఈ ఒక్క అలవాటు తెచ్చుకున్నా సగం పని అయినట్టే.

ఇది ఎందుకింత ముఖ్యమో నరసాపుర చెబుతుంది

2020 డిసెంబరు 12న కర్ణాటకలో కోలార్ జిల్లా నరసాపురలో, మన చిత్తూరు వైపు సరిహద్దుకి పెద్ద దూరం లేని చోట, ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ ఫ్యాక్టరీలో కార్మికులు తిరగబడి అద్దాలు, సామాన్లు పగలగొట్టారు. జీతాలు సరిగ్గా, టైముకి రాలేదన్నది వాళ్ల గోడు. తర్వాత కర్ణాటక ఫ్యాక్టరీల శాఖ విచారించి రాసిన నివేదికలో అసలు సంగతి బయటపడింది. చాలా తక్కువ కాలంలో 5,000 మంది ఉన్న చోటు 10,500 మంది అయింది, దానికి తగ్గట్టు హెచ్‌ఆర్ విభాగం మాత్రం పెరగలేదు. హాజరు నమోదులో తప్పులు, పని గంటల లెక్కలో తప్పులు, వాటివల్ల జీతాల్లో తప్పులు. ఆపిల్ తన ఆడిట్‌లో అక్టోబరు, నవంబరు నెలల్లో కొంతమందికి జీతాలు ఆలస్యమయ్యాయని తేల్చి, ఆ కంపెనీని ప్రొబేషన్‌లో పెట్టి, సరిదిద్దుకునేదాకా కొత్త పని ఇవ్వనంది. విస్ట్రాన్ క్షమాపణ చెప్పింది, భారత వ్యాపారం చూసే వైస్ ప్రెసిడెంట్‌ని తప్పించింది. 2023లో ఆ ఫ్యాక్టరీ టాటాల చేతికి వెళ్లింది.

అక్కడ మెషీన్లు, డబ్బు, ఆర్డర్లు, కస్టమరు దేనికీ కొదవ లేదు. లేనిదల్లా పెరిగిన సంఖ్యకి తగ్గ హాజరు, జీతాల వ్యవస్థ. కాబట్టి "జీతాల పని చిన్నది, మనం వ్యూహం చూద్దాం" అనే హెచ్‌ఆర్ వాళ్ల మాట నమ్మకండి. జీతం తప్పు పడిన చోట ఏ వ్యూహమూ నిలవదు. సంఖ్య పెంచేముందు మిమ్మల్ని మీరే అడగండి: ఈ నెల జీతాల్లో ఎన్ని తప్పులు వచ్చాయి? వాటిని సరిచేయడానికి ఎన్ని రోజులు పట్టింది? 180 మందికే నెలకి ఇరవై ఫిర్యాదులు వస్తుంటే, 300 మందిని తీసుకునేముందు అది సరిచేయాలని ఎండీకి రాసివ్వండి. నోటిమాటగా చెబితే సరిపోదు.

ఏ కుర్చీ ఖాళీ అయితే పని ఆగుతుంది?

షాప్ ఫ్లోర్‌లో తిరుగుతూ ఒక్కొక్క సెక్షన్‌లో ఒకటే ప్రశ్న వేయండి: "ఇక్కడ ఎవరు నెల రోజులు రాకపోతే పని ఆగుతుంది?" జవాబుల్లో మేనేజర్ల పేర్లు అరుదుగా వస్తాయి. సీఎంఎం నడిపే ఒక్కగానొక్క అమ్మాయి, పాత మెషీన్ల వైరింగ్ అంతా బుర్రలోనే పెట్టుకున్న ఎలక్ట్రీషియన్, ఎగుమతి కాగితాలు తెలిసిన డిస్పాచ్ గుమస్తా. సంస్థ చార్టులో కింద ఎక్కడో ఉంటారు, అప్రైజల్‌లో వాళ్లకి మీడియం రేటింగ్ వచ్చి ఉంటుంది, రాజీనామా ఇచ్చిన రోజున మాత్రం జీఎం స్వయంగా వచ్చి బతిమాలతాడు.

మన ఊహా కంపెనీలో ఇలాంటి కుర్చీలు పది, పదిహేను తేలతాయి. అంతకన్నా ఎక్కువ రాస్తే మీరు గట్టిగా అడగలేదన్నమాట, అందరూ ముఖ్యమే అని రాసుకోవడం వల్ల లాభం లేదు.

ఆ తర్వాత స్కిల్ మ్యాట్రిక్స్ వేయండి. నిలువునా పేర్లు, అడ్డంగా పనులు, గడిలో ఒక అంకె. సున్నా అంటే రాదు, 1 అంటే పక్కన ఎవరో ఉంటే చేస్తాడు, 2 అంటే ఒంటరిగా చేస్తాడు, 3 అంటే ఇంకొకరికి నేర్పగలడు. కొన్నిచోట్ల గళ్లని నాలుగు ముక్కలు చేసి రంగులేస్తారు, అదీ బాగానే ఉంటుంది. అంకెలు మీరు వేయకండి, సూపర్‌వైజర్ వేయాలి, ఆపరేటర్ చూడాలి, "నాకు ఇది వచ్చు, రెండు కాదు మూడు వేయండి" అని గొడవపడాలి. ఆ గొడవ మంచిది. దాన్ని కంప్యూటర్‌లో దాచకుండా సెక్షన్ గోడకి అంటించండి. ఆడిట్‌కి వచ్చే కస్టమర్ కూడా మొదట అడిగేవాటిలో అదొకటి.

ఇప్పుడు ముఖ్యమైన కుర్చీ పని ఉన్న నిలువు వరసలో చూడండి. 2, 3 అంకెలున్నవాళ్లు కనీసం ఇద్దరున్నారా? ఒక్కరే ఉంటే ఆ గడికి ఎర్రరంగు. మీ ఏడాది శిక్షణ క్యాలెండర్ ఆ ఎర్రగళ్ల నుంచే పుట్టాలి. బయటినుంచి ఎవరినో పిలిచి "నాయకత్వ లక్షణాలు" మీద రెండ్రోజులు క్లాసు పెట్టించే డబ్బుతో, సీఎంఎం కంపెనీ వాళ్ల దగ్గరికి ఇద్దరిని ట్రైనింగ్‌కి పంపొచ్చు.

ఇంకో జాగ్రత్త. మూడు అంకె వచ్చినవాడు నేర్పడానికి ఒప్పుకోడు, నేర్పితే తన విలువ పోతుందని భయం. ఆ భయం తప్పు కాదు, చాలా కంపెనీలు అలాగే చేశాయి. ఇద్దరికి నేర్పితే నెలకి ఇంత అని ట్రైనర్ అలవెన్స్ పెట్టి, గ్రేడు మార్చండి. కాగితం మీద రాసివ్వండి.

వెళ్లిపోవడానికి ఎంత ఖర్చవుతోంది?

ఎండీ ముందు "ఆపరేటర్లలో అట్రిషన్ (మానేసి వెళ్లేవాళ్ల శాతం) 33 శాతం ఉంది సార్" అంటే ఆయన తల ఊపి, తర్వాతి విషయానికి వెళ్తారు. రూపాయల్లో చెప్పండి.

మన కంపెనీలో ఆపరేటర్ జీతం నెలకి రూ.24,000. అతను వెళ్లాక నెలన్నర కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఆ నెలన్నర జీతం రూ.36,000 మిగిలినట్టే కనిపిస్తుంది, కానీ ఆ పనిని మిగతావాళ్లు ఓటీ (ఓవర్‌టైమ్) మీద చేస్తారు, ఓటీకి చట్ట ప్రకారం రెట్టింపు రేటు, అంటే రూ.72,000. నికరంగా 36,000 పోయింది. కొత్తవాణ్ని తెచ్చిన ఏజెన్సీకో, పరిచయం చేసినవాడికిచ్చే రెఫరల్ బోనస్‌కో 10,000. అతను మూడు నెలలపాటు సగం ఉత్పత్తే ఇస్తాడనుకుంటే 72,000లో సగం, 36,000. ఆ మూడు నెలల్లో అతను పాడుచేసే ముక్కలు, అవి విమాన భాగాలు కాబట్టి మెటీరియల్ ఖరీదు, తక్కువలో తక్కువ 20,000 వేద్దాం. మొత్తం రూ.1,02,000. ఏడాదికి ఇరవై మంది వెళ్తే రూ.20,40,000.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. "ఇంత పోతోంది కాబట్టి అందరికీ జీతాలు పెంచుదాం" అంటారు. అరవై మందికి నెలకి 1,500 పెంచితే ఏడాదికి రూ.10,80,000, బోనస్, గ్రాట్యుటీ వగైరా కలిస్తే ఇంకా ఎక్కువ. దానివల్ల వెళ్లేవాళ్లు సగానికి తగ్గినా మిగిలేది రూ.10,20,000. అంటే చేతినుంచి పోయిందే తప్ప వచ్చిందేం లేదు. అకౌంట్స్ హెడ్ ఈ లెక్క రెండు నిమిషాల్లో వేసి మీ ప్రతిపాదన పక్కన పడేస్తాడు, అతను చేసేది సరైనదే. జీతం పెంచకూడదని కాదు, బజారు రేటు కన్నా తక్కువిస్తుంటే పెంచక తప్పదు. కానీ ముందు ఎవరు వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో చూడాలి.

వెళ్లిన ఇరవై మందిని రకరకాలుగా విడదీసి చూడండి. చేరిన తొంభై రోజుల్లోపు వెళ్తే అది ఎంపికలో లోపం, లేదా చేరేటప్పుడు చెప్పిందొకటి, లోపల ఉన్నదొకటి. రెండు మూడేళ్లయ్యాక వెళ్తే పైకెళ్లే దారి కనిపించలేదని. ఒకే సూపర్‌వైజర్ కిందనుంచి ఏడుగురు వెళ్తే జవాబు అక్కడే ఉంది. షిఫ్టు వారీగా, ఉండే చోటు వారీగా కూడా చూడండి. మన లెక్కలో పన్నెండు మంది సెకండ్ షిఫ్ట్ వాళ్లని తేలిందనుకోండి, రాత్రి పదింటికి షిఫ్టు వదిలితే మెయిన్ రోడ్డుదాకా నడవాలి, అప్పటికి సరైన బస్సు లేదు, షేర్ ఆటోలు లేవు. ఒక వ్యాన్ అద్దెకి పెడితే నెలకి 45,000, ఏడాదికి 5,40,000. ఆ పన్నెండు మందిలో ఎనిమిది మంది ఆగినా 8,16,000 మిగులుతుంది. ఈ లెక్క పట్టుకెళ్తే అకౌంట్స్ హెడ్ మీ పక్షాన మాట్లాడతాడు.

ఎగ్జిట్ ఇంటర్వ్యూని మాత్రం అంతగా నమ్మకండి. చివరి రోజున ఎవడూ నిజం చెప్పడు. రిలీవింగ్ లెటర్ కావాలి, సెటిల్‌మెంట్ రావాలి, రేపు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి ఫోన్ వస్తే మీరే మాట్లాడాలి. అందుకే "బెటర్ ఆపర్చ్యునిటీ" అని రాసి సంతకం పెట్టేస్తాడు. డబ్బులన్నీ అందిన రెండు మూడు నెలల తర్వాత ఫోన్ చేసి "ఎలా ఉంది తమ్ముడూ అక్కడ" అని మొదలుపెట్టండి, పావుగంటలో అన్నీ చెబుతాడు. కొందరు తిరిగి వస్తామని కూడా అంటారు. వచ్చేవాళ్లని తీసుకోకూడదనే పాలసీ మీ దగ్గర ఉంటే తీసేయండి, అది కేవలం అహంకారం.

మనుషుల్ని ఎక్కడినుంచి తేవాలి

ప్రకటనలు, జాబ్ పోర్టళ్లు అందరికీ తెలిసినవే. సీఎన్‌సీ లాంటి పనికి ఆరునెలల ముందునుంచే మొక్క నాటినట్టు చూసుకోవాల్సింది శిక్షణ సంస్థలతో సంబంధం. బాలానగర్‌లో 1968 నుంచీ ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, అందరూ సీఐటీడీ అంటారే అది, అక్కడి పిల్లలకి గిరాకీ ఎక్కువ, పెద్ద కంపెనీలు ముందే ఎత్తుకెళ్తాయి. మీరు ఐటీఐల వైపు కూడా చూడండి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది, కొత్త మెషీన్ల మీద నేర్చుకున్న పిల్లలు అక్కడినుంచి వస్తారు. మీ దగ్గర్లోని ఐటీఐ ప్రిన్సిపాల్‌ని ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఒక్కసారి కలిస్తే ఆయనకి మీరు గుర్తుండరు. ఏడాదిలో మూడు నాలుగుసార్లు వెళ్లి, మీ సెట్టర్ ఒకణ్ని తీసుకెళ్లి ఓ పూట క్లాసు చెప్పిస్తే గుర్తుంటారు.

అప్రెంటిస్‌ల సంగతి చాలా కంపెనీల్లో కేవలం రిటర్న్ వేయడానికే. 30 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థ మొత్తం సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి, 180 మంది ఉంటే అది ఐదు నుంచి 27. ఎన్‌ఏపీఎస్ అనే కేంద్ర అప్రెంటిస్ పథకం కింద స్టైపెండ్‌లో నాలుగోవంతు, ఒక పరిమితి దాకా, కేంద్రం భరిస్తుంది. చట్టం కోసం ఐదుగురిని తీసుకుని చీపురు పట్టించేకన్నా, పదిహేను మందిని తీసుకుని ఏడాది నేర్పించి వాళ్లలో మంచివాళ్లని ఉంచుకుంటే మీకు ఎంపిక పరీక్ష ఏడాదిపాటు జరిగినట్టు. నన్నడిగితే అర్ధగంట ఇంటర్వ్యూ కన్నా ఇదే నయం.

అనుభవం ఉన్నవాణ్ని తీసుకునేటప్పుడు మాటలు తగ్గించి ట్రేడ్ టెస్ట్ పెట్టండి. డ్రాయింగ్ చేతికివ్వండి, మైక్రోమీటర్‌తో కొలవమనండి, మెషీన్ ముందు నిలబెట్టండి. పని చేసి చూపించమంటే ఎవడికి ఎంత వచ్చో గంటలో తెలుస్తుంది, ఇంగ్లిష్ రాని మంచి ఆపరేటర్ ఇంటర్వ్యూలో పోకుండా ఉంటాడు.

రెఫరల్స్ గురించి ఒక మాట. మనవైపు ఇవి బాగా పనిచేస్తాయి. సూపర్‌వైజర్ తన ఊరివాళ్లని, బావమరుదుల్ని తెస్తాడు, వాళ్లు నమ్మకంగా ఉంటారు, గైర్హాజరు తక్కువ. కానీ ఆ సూపర్‌వైజర్‌కి కోపమొచ్చి వెళ్లిపోతే సోమవారం పొద్దున ఎనిమిది మంది రారు. పైగా వేరే ఊరివాడు, వేరే కులంవాడు ఆ సెక్షన్‌లో ఇమడలేడు, బయటికి చెప్పడు, మానేస్తాడు. ఒక సెక్షన్‌లో ఒకరి తరఫు వాళ్లు మూడో వంతు దాటకుండా చూసుకోండి. దీన్ని పాలసీగా రాసి నోటీసు బోర్డులో పెట్టకండి, గొడవలవుతాయి. కేటాయింపులప్పుడు మీరు చూసుకుంటే చాలు.

సూపర్‌వైజర్లు

బాగా పనిచేసే ఆపరేటర్‌ని సూపర్‌వైజర్ చేస్తాం. మంచి ఆపరేటర్ ఒకడు తగ్గుతాడు, చెడ్డ సూపర్‌వైజర్ ఒకడు పెరుగుతాడు. ప్రమోషన్‌కి ముందే ఆర్నెల్లు ఇన్‌చార్జిగా పెట్టి చూడండి, నచ్చకపోతే పరువు పోకుండా వెనక్కి వచ్చే దారి ఉండాలి. పని మీదే ఇష్టం ఉన్నవాడికి జనాన్ని చూసే బాధ్యత లేకుండానే జీతం పెరిగే వేరే గ్రేడు పెట్టండి, మాస్టర్ ఆపరేటర్ అనో ఏదో ఒక పేరు.

అప్రైజల్‌లో బెల్ కర్వ్, అంటే ప్రతి సెక్షన్‌లో ఇంతమందికి తక్కువ రేటింగ్ ఇచ్చి తీరాలనే పద్ధతి, పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. ఎనిమిది మంది ఉన్న సెక్షన్‌లో ఒకణ్ని బలవంతంగా కింద పడేస్తే మిగతా ఏడుగురు ఒకరికొకరు పని నేర్పడం మానేస్తారు, మీ ఎర్రగళ్లు ఎర్రగానే ఉండిపోతాయి. మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీ 2013లోనే ఆ పద్ధతి తీసేసింది, మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల పగ్గాలు పట్టడానికి కొద్ది నెలల ముందు.

జీతం నిర్మాణం, చట్టాలు

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మీ రాష్ట్ర నియమాలు ఎలా ఉన్నాయో మీ కన్సల్టెంట్‌తో చూసుకోండి, నేనిక్కడ ప్లాన్‌కి తగిలేవి మాత్రమే చెబుతాను. వేతనం నిర్వచనం మారింది, అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటినంతా వేతనంలోకే వస్తుంది. బేసిక్‌ని 40 శాతం దగ్గర పెట్టుకున్న కంపెనీలకి ఇది డబ్బు విషయం. రూ.24,000లో బేసిక్ 9,600 ఉంటే ఏడాది సర్వీసుకి గ్రాట్యుటీ 15/26 లెక్కన సుమారు 5,540. అది 12,000 అయితే సుమారు 6,920. ఒక్కొక్కరికి ఏడాదికి 1,380 తేడా చిన్నదే, కానీ గ్రాట్యుటీ చివరి వేతనం మీద లెక్క కాబట్టి పదిహేనేళ్ల సర్వీసు ఉన్నవాళ్లు ఎంతమంది ఉన్నారో చూసి మొత్తం ఎంతవుతుందో అకౌంట్స్‌కి ఇప్పుడే చెప్పండి. పీఎఫ్‌ని 15,000 పరిమితి మీదే కడుతున్నచోట ఆ భాగం మారదు. ఫిక్స్‌డ్ టర్మ్ మీద తీసుకున్నవాళ్లకి ఏడాది నిండితే గ్రాట్యుటీ ఉంది, కాబట్టి "రెండేళ్ల కాంట్రాక్ట్ చవక" అనుకునే లెక్క మళ్లీ వేయాలి. వెళ్లేవాళ్ల వేతన బకాయి రెండు పనిదినాల్లో ఇవ్వాలి, నలభై ఐదు రోజుల తర్వాత చూద్దాం అనే రోజులు పోయాయి.

ఇంక్రిమెంట్ల టైములో ఈఎస్ఐ అంచున ఉన్నవాళ్ల జాబితా విడిగా తీయండి. ఈఎస్ఐ లెక్కకి వచ్చే వేతనం నెలకి 21,000 దాటితే, ఆ కంట్రిబ్యూషన్ పీరియడ్ (ఆర్నెల్ల చందా గడువు) అయ్యాక వైద్య కవరేజీ ఆగుతుంది. ఇంట్లో డయాలసిస్ జరుగుతున్న తల్లి ఉన్నవాడికి మీరిచ్చిన ఆరొందల పెంపు బహుమతి కాదు, పిడుగు. అలాంటివాళ్లకి గ్రూప్ ఇన్సూరెన్స్ ముందే సిద్ధం చేసి, తల్లిదండ్రులకి కూడా వర్తిస్తుందో లేదో చూసి, అప్పుడు లెటర్ ఇవ్వండి.

పది మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే లైంగిక వేధింపుల చట్టం కింద అంతర్గత కమిటీ తప్పనిసరి, అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి సభ్యులు ఒకరు. గోడ మీద పేర్లు ఉంటే సరిపోదు. బయటి సభ్యురాలికి మీ ఫ్యాక్టరీ ఎక్కడుందో తెలుసో లేదో ఒకసారి కనుక్కోండి.

తిండి, హాస్టల్, బాత్రూములు

వీటిని అడ్మిన్ వాళ్ల మీదకి నెట్టకండి. 2021 డిసెంబరులో చెన్నై దగ్గర శ్రీపెరంబుదూర్ ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లుండే హాస్టల్‌లో భోజనం వికటించి 250 మందికి పైగా మహిళా కార్మికులు జబ్బుపడ్డారు, మిగతావాళ్లు చెన్నై బెంగళూరు హైవే మీద బైఠాయించారు, ఫ్యాక్టరీ మూతపడి జనవరి మధ్యకి గానీ తెరుచుకోలేదు, కొన్ని హాస్టళ్లు, భోజనశాలలు ప్రమాణాలకి తగ్గట్టు లేవని చెప్పి ఆపిల్ ఆ ఫ్యాక్టరీనీ ప్రొబేషన్‌లో పెట్టింది. హాస్టల్ కాంట్రాక్టర్‌ది అయినా ఆగింది ఐఫోన్ల ఉత్పత్తి. వారానికోసారి చెప్పకుండా వెళ్లి, వాళ్లతోపాటు కూర్చుని వాళ్లు తినేదే తినండి. మేనేజర్లకి విడిగా వండితే దాన్ని తినకండి.

ఎండీ ముందు ఏం పెట్టాలి

నెలకో పేజీ. ముప్పై స్లైడ్లు వద్దు. అందులో ఐదే అంకెలు: ముఖ్యమైన కుర్చీల్లో ఎన్ని ఖాళీ, ఎన్నింటికి ప్రత్యామ్నాయం లేదు, తొంభై రోజుల్లోపు వెళ్లినవాళ్లు ఎంతమంది, ఓటీకి పోయిన డబ్బు, జీతాల్లో తప్పులు. ప్రతిదాని పక్కన పోయిన నెల అంకె, ఒక వాక్యంలో కారణం. కింద మీకు కావాల్సింది ఒక్కటే రాయండి, ఎంతవుతుందో, ఎంత మిగులుతుందో అంకెలతో. మూడు అడిగితే మూడూ వాయిదా పడతాయి. ఈ పేజీని మీటింగ్‌కి ముందురోజే అకౌంట్స్ హెడ్‌కి, ప్రొడక్షన్ హెడ్‌కి చూపించండి, అందరి ముందు వాళ్లు "ఈ లెక్క తప్పు" అంటే మీ ఆర్నెల్ల పని గంగలో కలిసినట్టే.

ఇదంతా చేయడానికి టైమెక్కడిదంటారా, న్యాయమైన ప్రశ్న. జీతాల లెక్క, చలాన్లు బయటి ఏజెన్సీకి ఇచ్చేయొచ్చు, కానీ చెకింగ్ మీ దగ్గరే ఉండాలి, ఎందుకో నరసాపుర దగ్గర చెప్పాను. శాలరీ సర్టిఫికెట్లు, లీవ్ బ్యాలెన్సుల్లాంటివి ఏ చిన్న సాఫ్ట్‌వేర్ అయినా చేస్తుంది. ఇంకా చాలకపోతే పూర్తిగా మానేయదగ్గవి కొన్ని ఉంటాయి, ఎవరూ చదవని ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్ సర్వే వాటిలో మొదటిది.

ఎండీ వినకపోతే? కొందరు వినరు, ముఖ్యంగా కంపెనీని చేతులతో కట్టుకున్నవాళ్లు, వాళ్ల దృష్టిలో మనుషులు ఎప్పుడూ దొరుకుతూనే ఉంటారు. అప్పుడు కంపెనీ మొత్తానికి ప్లాన్ వేయడం పక్కనపెట్టి, మీ మాట వినే ఒక సెక్షన్ హెడ్‌ని పట్టుకోండి. అతని ఇరవై మందికి మ్యాట్రిక్స్ వేసి, రెండు ఎర్రగళ్లు నింపి, ఒక క్వార్టర్ ఓటీ బిల్లు ఎంత తగ్గిందో రాసుకోండి. తర్వాతి మీటింగ్‌లో ఆ కాగితాన్ని అతని చేతే చదివించండి, మీరు చదవకండి.